ఇంటిపేరు పెట్టి పిలిచిన రోజు

గోదావరిఖనిలోని ఆ భూగర్భ గనిలో సంపత్ మాటను ఎవరూ ధిక్కరించలేదు. ధిక్కరించి ఉంటే అతనికి కొంత సుఖంగా ఉండేది, ఎందుకంటే ధిక్కారానికి కంపెనీ నిబంధనల్లో చికిత్స ఉంది. అతని మాట విని మనుషులు నవ్వేవారు. నవ్వుకు ఏ నిబంధనా లేదు.

అతను ఓవర్‌మెన్. షిఫ్టు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా, భూమి అడుగున తనకు అప్పగించిన భాగంలో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో చెప్పవలసినవాడు. అతని మాట చెల్లకపోవడానికి చేతకానితనం కారణం కాదు. మైనింగ్ డిప్లొమా పూర్తయ్యాక అతను మొదట కాసిపేటలో పనిచేశాడు. అక్కడ 'ఆగండి' అంటే ఆగేవారు, 'రండి' అంటే వచ్చేవారు. అక్కడ అతను ఎవరికీ ఏమీ కాడు. ఆ ఏమీ కాకపోవడంలోనే తన అధికారం ఉందని అప్పట్లో అతనికి తెలియదు. తన గొంతులో ఉందనుకున్నాడు. భార్య సంతోషికి గోదావరిఖనిలో ఒక బడిలో ఉద్యోగం దొరికింది, తండ్రి లింగమూర్తికి ఆయాసం ముదిరింది. ఈ రెండు కారణాలు చూపి బదిలీ అడిగి, ఒకప్పుడు తండ్రి తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు నింపిన బాయికే వచ్చాడు. బాయి అంటే అక్కడివాళ్ల మాటలో గనే.

వచ్చి చూస్తే, తన కింద పనిచేసేవారిలో చాలామంది తనను చెడ్డీల్లో చూసినవారు. ముఠాల పని దగ్గరుండి చూసే సర్దార్ సదానందం వరుసకు కాక, అంటే చిన్నాన్న. పైకప్పుకు బోల్టులు బిగించే ముఠాకు పెద్ద కొలిపాక ఓదెలు. సంపత్ సొంత అక్క రమకు భర్త.

ఆ ప్రాంతంలో బావకూ బామ్మర్దికీ మధ్య నడిచే మాటకు ఒక్కటే రూపం ఉంటుంది, అది పరాచికం. ఎదురుపడితే ఎకసెక్కం, విడిపోతే ఎకసెక్కం. దవాఖానలో మంచం పక్కన కూర్చున్నా, చావింట్లో గడప అవతల నిలబడినా ఒకరినొకరు ఒక మాట అనుకోకపోతే, వాళ్ల మధ్య ఏదో చెడిందని చూసేవాళ్లు అనుమానిస్తారు. బావ నోట వచ్చేదీ, బావ చెవిన పడేదీ ముందుగా నవ్వులాటే. ఆ తర్వాతే దానికి అర్థం. సంపత్ ఈ అలవాటులో పుట్టి పెరిగాడు కాబట్టి అది భూమి అడుగున ఏం చేయగలదో ఊహించలేకపోయాడు.

ఆ సంగతి ఆషాఢంలో ఒక మధ్యాహ్నపు షిఫ్టులో తెలిసింది. పేల్చిన బొగ్గు కిందికి రాలింది. కొత్తగా బయటపడిన పైకప్పుకు ఇంకా బోల్టులు పడలేదు. బోల్టు పడని బండ కిందికి ఎవరూ పోకూడదన్నది ఆ పనిలో మొదటి సూత్రం. బొగ్గెత్తే యంత్రానికి ఒక పెద్ద పెళ్ల అడ్డం పడిందని, దాన్ని దొర్లించడానికి ఓదెలు కాస్త అవతలికి వెళ్లాడు. సంపత్ కర్రతో పైకప్పును తట్టి చూశాడు. గట్టి బండ గంటలా పలుకుతుంది, లోపల విడిపోయిన బండ డొల్లగా పలుకుతుంది. అది డొల్లగా పలికింది.

"బావా, ఇటు రా. బండ మంచిగ లేదు," అన్నాడు.

ఓదెలు వెనక్కి తిరగనైనా లేదు. "ఏందిరా బామ్మర్ది, నేను పోతే మీ అక్కను నువ్వే సాదాలెనని భయమా?"

ముఠా అంతా నవ్వింది. సంపత్ కూడా నవ్వాడు. నవ్వకుండా ఉండటం అతనికి చేతకాలేదు. చిన్నప్పటి నుంచి ఆ గొంతుకు అతని ముఖం అలాగే విచ్చుకుంటూ వచ్చింది.

"నిజంగనే అంటున్న బావా. జర బయటకు రా."

"వస్త తియ్. అత్తగారింటికి పిలిచినట్టు పిలుస్తున్నవ్. కోడిని కోసినవా మల్ల?"

పెళ్లను పక్కకు దొర్లించి, చేతులు దులుపుకొని, తొందరేమీ లేనట్టు ఓదెలు ఇవతలికి వచ్చాడు. వచ్చి హెల్మెట్ సవరించుకుంటూ ఉండగానే బండ ఊడి యంత్రం ముందు భాగం మీద పడింది. ఇనుప చేయి వంగిపోయింది. ఎవరికీ గీత కూడా పడలేదు. దుమ్ము సర్దుకున్నాక ఓదెలే, "యంత్రానికి బామ్మర్దులు లేనట్టున్నరు, ఎవడూ పిలువలే," అన్నాడు. మళ్లీ నవ్వు.

విచారణ మేనేజర్ కామరాజు గదిలో జరిగింది. వెనక్కి రమ్మని ఓవర్‌మెన్ ఆర్డరు ఇచ్చాడా లేదా అన్నది ప్రశ్న.

"లేదు సార్," అన్నాడు ఓదెలు. "ఆర్డర్ గిట్ల ఏం చెప్పలే. బామ్మర్ది గద, పరాచికమాడుతున్నడనుకున్న."

"నవ్వుకుంట చెప్పిండు సార్," అన్నాడు సదానందం. "నవ్వుకుంట చెప్పేది ఆర్డర్ ఎట్లయితది?"

వాళ్లు అబద్ధం చెప్పలేదు. సంపత్‌ను ఇరికించాలన్న ఉద్దేశం ఇద్దరిలో ఎవరికీ లేదు. తమ చెవులకు వినిపించినదాన్నే చెప్పారు. సంపత్‌ను అన్నింటికంటే ఎక్కువగా అలసిపోయేలా చేసింది ఆ నిజాయితీయే.

అందరూ వెళ్లాక కామరాజు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కోస్తా నుంచి వచ్చి ఈ గనుల్లోనే జుట్టు నెరిసిన మనిషి. "చూడు సంపత్, నీకు బండ తెలుసు, గాలి తెలుసు, బొగ్గు తెలుసు. మనుషులతో మాట్లాడటం తెలీదు. శిక్షణకు పంపిస్తున్నాను, శ్రద్ధగా నేర్చుకో. ఇంకోసారి ఇట్టాంటిది జరిగితే నిన్ను గోలేటి పంపించెయ్యాలి. అక్కడైతే నీకు చుట్టాలుండరు." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంటూ, "ఈసారి మిషను మీద పడింది," అన్నాడు.

గోలేటి బదిలీ వల్ల ఇంట్లో ఏమేం తారుమారవుతాయో సంపత్‌కు తెలుసు. కానీ గదిలోంచి బయటకు వచ్చేసరికి అతని మనసులో గోలేటి లేదు. ఓదెలు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన మాటకు నవ్వకుండా వెనక్కి రావాలి. లేకపోతే ఏదో ఒక షిఫ్టులో అతను రాడు.

శిక్షణ తరగతి మధ్యాహ్న భోజనాల తర్వాత పెట్టేవారు. భావవ్యక్తీకరణ, నాయకత్వం, వ్యక్తిత్వ వికాసం అని బోర్డు మీద రాసి ఉండేది. షిఫ్టు దిగి వచ్చినవారిలో సగం మంది కళ్లు తెరిచే నిద్రపోయేవారు. పాఠం చెప్పేది ధరణి అనే అధికారిణి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి ఇంజనీరు, తాను పుట్టి పెరిగింది ఇక్కడి క్వార్టర్లలోనే. ఎదుటివారి కళ్లలోకి చూడండి, పేరు పెట్టి పిలవండి, చిన్న వాక్యంలో చెప్పండి, ఎందుకో చెప్పండి, విన్నవారితో ఆ మాటను తిరిగి చెప్పించుకోండి అని ఆమె ఓపికగా చెప్పేది. ఆ సూత్రాల్లో తప్పు లేదు. ఒకరికొకరు ఏమీ కాని మనుషులను దృష్టిలో పెట్టుకొని వాటిని తయారుచేశారు, అంతే.

"మేడం, ఒకటి అడుగుత," అని సంపత్ లేచాడు. "బావను పేరు పెట్టి ఎట్ల పిలవాలె?"

నిద్రపోతున్నవాళ్లు లేచి మరీ నవ్వారు.

"డ్యూటీలో బావలుండరండి సంపత్ గారూ. తోటి ఉద్యోగులే ఉంటారు," అంది ధరణి.

"ఆ ముచ్చట ఆయనకు తెల్వది మేడం."

మళ్లీ నవ్వు. ధరణి కూడా నవ్వింది గాని, తరగతి అయ్యాక వరండాలో టీ గ్లాసుతో అతని దగ్గరికి వచ్చింది. జరిగిందంతా అడిగి తెలుసుకుంది.

"ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నా దగ్గర జవాబు లేదు," అంది. "ఒక సంగతి చెప్పండి. మీవాళ్లలో బావ మాటకు నవ్వకుండా ఉండే సందర్భం అసలు లేదా? ఎప్పుడూ?"

సంపత్ ఆలోచించాడు. చిన్నప్పుడు చూసిన ఒక కులపంచాయితీ గుర్తుకొచ్చింది. "ఉన్నది మేడం. పంచాయితీల. తగాదా తెగే కాడికి వస్తే బావ అనరు, ఇంటిపేరు పెట్టి పూర్తి పేరు పిలుస్తరు. మా చిన్నాయన గట్లనే పిలిచిండు ఆయన బావను. ఇగ అంతే. మల్ల ఒకల ఇంట్ల ఒకలు మంచినీళ్లు తాగలే."

"అంటే నవ్వులాట ఒకటి, తెగతెంపులు ఒకటి. రెంటికీ మధ్య ఇంకో మాట లేదా?"

"లేదు మేడం."

"వెతకండి," అంది ధరణి. ఆమె గొంతులో పెద్ద నమ్మకమేమీ లేదు. "దొరికితే నాకూ చెప్పండి."

సంపత్ వెతికాడు. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలోని తన కళ్లలోకే చూసి ఆజ్ఞలిచ్చాడు. సంతోషి వంటింట్లోంచి, "అద్దం ఇంటున్నదా? ఇంటే ఈ గ్యాస్ బండ కూడ దానితోనే మోయించు," అంది. అతను నవ్వి ఊరుకున్నాడు. ఇంట్లో నవ్వు వల్ల ఎవరికీ ప్రమాదం లేదు.

శిక్షణ ముగిసి షిఫ్టుకు వెళ్లిన మొదటి రోజే, ముఠా పని మొదలుపెట్టే ముందు నేర్చుకున్నదాన్ని ప్రయోగించాడు. ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూసి, బోల్టులు ఆగిన చోట సున్నంతో గీసిన గీతను చూపిస్తూ చెప్పాడు. "ఓదెలు గారూ, బోల్టులు పడేదాకా దయచేసి ఆ గీత దాటకండి. దాటితే బండ పడే అవకాశమున్నది. నేను చెప్పింది ఒకసారి తిరిగి చెప్పండి."

ఒక్క క్షణం ఎవరూ నవ్వలేదు. ఆ క్షణంలో సంపత్‌కు ఆశ కలిగింది.

"గారూ?" అన్నాడు ఓదెలు, చుట్టూ చూస్తూ. "ఎవల్నిరా? మా అయ్య గిట్ల వచ్చిండా ఎనుక?"

"ట్రైనింగుల ఏం తాపిచ్చిండ్రు బిడ్డా నీకు?" అన్నాడు సదానందం. "పోయేటప్పుడు మంచిగనే పోతివి గద."

"తిరిగి చెప్పుమంటున్నడు మామా, ఆగు, చెప్తా." ఓదెలు హెల్మెట్ తీసి గుండెల మీద పెట్టుకొని, రేడియోలో వార్తలు చదివేవాడి గొంతు పెట్టాడు. "బోల్టులు పడేదాకా దయచేసి గీత దాటరాదని మా బామ్మర్ది, శ్రీశ్రీశ్రీ సంపత్ దొరవారు, లాగు ఊడిపోతే ఎన్నోసార్లు నాతోని కట్టించుకున్నోడు, ఆర్డర్ పాస్ చేసిండు. వార్తలు సమాప్తం."

నవ్వు గోడలకు తగిలి చాలాసేపు తిరిగింది. ఆ రోజు ఓదెలు గీత దాటలేదు. దాటవలసిన పని పడలేదు, అంతే. దాటి ఉంటే ఆపే మాట తన దగ్గర లేదని సంపత్‌కు స్పష్టంగా తెలిసింది. శిక్షణకు ముందు ఆ సంగతి సగమే తెలుసు. నేర్చుకున్నందువల్ల మిగిలిన సగం కూడా తెలిసింది.

ఆదివారం అక్క ఇంటికి వెళ్లాడు. ఓదెలు బజారుకు పోయాడు. రమ వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది.

"అక్కా, బావకు నువ్వన్న జర చెప్పు. లోపల నా మాట అస్సలు ఇంటలేడు."

"మీ బాయి లొల్లి నా ఇంట్లకు తేకు తమ్మీ," అంది రమ, తల ఎత్తకుండానే. "నేను చెప్తే ఇంటడా? ఇంట్ల కూడ నవ్వుతనే ఉంటడు. మా పోరికి జరమొచ్చినా నవ్వే. అప్పుడప్పుడు నాకే కోపమస్తది." ఒక గింజను గోటితో తీసి పక్కన పెట్టింది. "పెండ్లయిన కొత్తల అడిగిన. ఎప్పుడు చూసినా గిట్ల పకపక నవ్వుతవేందయ్యా అంటే, నవ్వకపోతే బాయి దిగబుద్ధి కాదే అన్నడు. ఒక్కసారే అన్నడు. మల్ల అనలే, నేనూ అడగలే."

సంపత్ ఆమె తీసిన గింజలను ఒక కుప్పగా చేర్చాడు. తన తండ్రి కూడా డ్యూటీకి బయలుదేరేటప్పుడు గడపలో ఎవరినో ఒకరిని ఏదో ఒక మాట అనకుండా చెప్పులు తొడుక్కునేవాడు కాదు. సదానందం కాక కూడా అంతే. వందల అడుగుల బండ కిందికి రోజూ పోయే మనుషులు దాని గురించి ఆలోచించకుండా ఉండటానికి కనిపెట్టుకున్న పద్ధతి అది. తాను అడుగుతున్నది బావ నోరు మూసుకోమని మాత్రమే కాదు. ఏ ఊత మీద అతను రోజూ లోపలికి దిగుతున్నాడో దాన్ని తీసెయ్యమని అడుగుతున్నాడు. ఈ సంగతి తెలిశాక పని తేలిక కాలేదు.

"చాయ్ పెడత, తాగిపో," అంది రమ.

"వద్దక్కా. అలిసిపోయిన."

"పొద్దుగాలనే ఏం అలుపు?" అంటూ ఆమె అతని ముఖంలోకి చూసింది.

మరికొన్ని వారాలకు అటువంటి పరిస్థితే మళ్లీ వచ్చింది. పేలుడు అయింది, దుమ్ము తగ్గింది, ముఠా బోల్టుల పని మొదలుపెట్టబోతోంది. ముందటి షిఫ్టువాళ్లు డ్రిల్లు కడ్డీ ఒకటి అవతల వదిలేసి పోయారు. దాన్ని తెచ్చుకుందామని ఓదెలు బోల్టుల వరుస దాటి నడిచాడు. ఏదో పాట కూడా కూనిరాగం తీస్తున్నాడు. సంపత్ కర్రెత్తి తట్టాడు. డొల్లగా పలికింది. ఇంకోచోట తట్టాడు. అక్కడా అంతే. సన్నగా ఇసుక రాలి అతని భుజం మీద పడింది.

'బావా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఏం జవాబు వస్తుందో, ఆ జవాబుకు ఎవరెవరు నవ్వుతారో, ఆ నవ్వు ఎంతసేపు పడుతుందో అతనికి ముందే వినిపించింది. అంతసేపు బండ ఆగుతుందో లేదో అతనికి తెలియదు. ధరణి వెతకమన్న మధ్య మాట దొరకలేదు. ఉన్న రెండింటిలో ఒకటి ఇప్పటికే విఫలమైంది.

"కొలిపాక ఓదెలూ!"

కూనిరాగం ఆగిపోయింది. ముఠాలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

"ఇక్కడ బావ లేడు, బామ్మర్ది లేడు. ఓవర్‌మెన్ సంపత్‌గ చెప్తున్న. ఉన్నది ఉన్నట్టు ఇడిసిపెట్టి బయటకు రా. నేనేం చెప్పిన్నో మల్ల చెప్పు."

ఓదెలు తిరిగి చూశాడు. అతని టోపీ దీపం సంపత్ ముఖం మీద పడింది. అందువల్ల ఓదెలు ముఖం సంపత్‌కు కనిపించలేదు. గొంతు మాత్రమే వినిపించింది. అందులో నవ్వూ లేదు, కోపమూ లేదు.

"ఉన్నది ఉన్నట్టు ఇడిసిపెట్టి బయటకు రావాలె."

వచ్చాడు. కడ్డీని అక్కడే వదిలేసి, నేల వైపు చూస్తూ, బోల్టుల వరుస ఇవతలికి వచ్చి నిలబడ్డాడు.

అందరూ బండ వైపు చూస్తూ నిలబడ్డారు. పడలేదు. ఇంకొంతసేపు చూశారు. సంపత్ ఆజ్ఞ ప్రకారం ముందు దన్ను కర్రలు నిలబెట్టి, బిగించిన చోటు నుంచి ఒక్కొక్క బోల్టే బిగిస్తూ ముందుకు జరిగారు. షిఫ్టు ముగిసేసరికి పైకప్పు మొత్తం భద్రమైంది. ఆ బండ ఆ రోజు పడలేదు, మర్నాడు పడలేదు, ఇప్పటికీ అక్కడే ఉంది. బోల్టులు బిగించబట్టి నిలిచిందా, బిగించకపోయినా నిలిచేదా అన్నది ఎవరికీ తెలియదు, తెలిసే ఉపాయం కూడా లేదు. పడి ఉంటే, ఓదెలు మర్నాడు అతన్ని కౌగిలించుకొని ఉండేవాడేమో. పడలేదు కాబట్టి, పది మందిలో బామ్మర్ది తనను ఇంటిపేరు పెట్టి పిలిచాడన్న సంగతి ఒక్కటే మిగిలింది.

దాని ఫలితాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అప్పటి నుంచి ముఠాలో సంపత్ మాట ఎవరూ రెండోసారి చెప్పించుకోలేదు. తన బావనే తెంచుకున్నవాడు మనల్ని లెక్కపెడతాడా అనుకున్నారు. సదానందం కాక 'బిడ్డా' అనడం మానేశాడు. గీత దాటవద్దంటే దాటలేదు, తిరిగి చెప్పమంటే అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. కామరాజు గోలేటి మాట ఎత్తలేదు సరికదా, "చూశావా, శిక్షణ ఎట్టా పనిచేసిందో! ఇక ప్రమోషన్ పరీక్ష రాయి, నిన్ను అండర్ మేనేజర్‌గా చూడాలి," అన్నాడు. ధరణి కొత్త తరగతిలో మాట్లాడటానికి అతన్ని పిలిచింది. అతను వెళ్లి, సూటిగా చెప్పడం వల్ల ప్రమాదాలు తగ్గుతాయని కొద్దిసేపు మాట్లాడి దిగాడు. వరండాలో ఆమె అడిగింది.

"మధ్య మాట దొరికిందా?"

"లేదు మేడం. రెండోదే వాడిన."

ఆమె టీ గ్లాసును పిట్టగోడ మీద పెట్టేసింది. "నేనే కదా అడిగాను, ఆ సందర్భం లేదా అని," అంది. తప్పు ఆమెదని అతను అనుకోలేదు; కాదని చెప్పడానికి కూడా ఓపిక లేదు.

ఒక సాయంత్రం రమ వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి అడిగింది. "ఏమన్నవ్ రా ఆయనను?"

"బతికించిన అక్కా."

"నేను కాదంటలేను. ఏమన్నవ్ అని అడిగిన."

చెప్పాడు. ఆమె విని, కొంగుతో మెడ తుడుచుకుంది. "ఇంటికి జల్దినే వస్తున్నడు. తింటున్నడు. పండుతున్నడు. మాట లేదు. పోరి జోక్ చెప్తే ఊ అంటున్నడు. నువ్వే రా, నువ్వే మాట్లాడు. నాతోని అయితలేదు."

మర్నాడే వెళ్లాడు. వాకిట్లో కుర్చీలో కూర్చున్న ఓదెలు, అతన్ని చూడగానే లేచి కుర్చీ ముందుకు జరిపాడు. "కూసోండ్రి సార్."

"బావా, గిట్లనకు. లోపల వేరు, ఇంట్ల వేరు. లోపల నేను గట్ల పిలవకపోతే నువ్వు వచ్చేటోనివా? నిజం చెప్పు."

ఓదెలు ఆలోచించి, నిజమే చెప్పాడు. "రాకపోదును."

"మరి?"

"మంచిగనే చేసిండ్రు. తప్పు పడుతలేను." గోడకు ఆనుకొని చతికిలబడ్డాడు. "కోపం కూడ లేదు. మీ అక్క నాకు కోపమనుకుంటున్నది. మీరు గట్ల పిలిచినప్పుడు లోపల చప్పుడంత ఆగిపోయింది. అప్పుడు పైకి చూసిన. ఇన్నేండ్లల్ల బోల్టు బిగించనీకే చూసిన గాని, గట్ల ఎప్పుడు చూడలే. ఎంత బండ ఉన్నది రా నెత్తి మీద!" 'రా' అన్నందుకు తానే ఉలిక్కిపడి, సర్దుకున్నాడు. "ఆ దినం కెల్లి బాయి దిగబుద్ధి అయితలేదు. నవ్వుదామని చూస్తున్న, వస్తలేదు. బోల్టు పట్టుకుంటే చెయ్యి నిలుస్తలేదు. గిట్లున్నోడు ముఠాల ఉంటే పక్కోనికి కూడ పైలం కాదు."

"ఏం చేద్దామంటవ్ బావా?"

"పైన ఏదన్న పని ఇప్పించుండ్రి. మీరొక మాట చెప్తే మేనేజర్ సార్ ఇంటడట."

ఈ మాటను సంపత్ పూర్తిగా విన్నాడు. తాను కోరుకున్నది సరిగ్గా ఇదే: ఓదెలు ఇక బోల్టు పడని బండ కిందికి వెళ్లడు. కోరుకున్నది దొరికినప్పుడు మనిషికి రావలసిన సంతోషం కోసం అతను కాసేపు ఎదురుచూశాడు. అది రాలేదు. లోపలి నుంచి రమ చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఓదెలు తన గ్లాసు ముట్టకుండా సంపత్ తాగేదాకా ఆగాడు.

సంపత్ చెప్పాడు, కామరాజు విన్నాడు. ఓదెలును గని పైన దీపాల గదిలో వేశారు. లోపలికి దిగేవారికి కిటికీలోంచి టోపీ దీపాలు అందించడం, పైకి వచ్చాక తిరిగి తీసుకొని చార్జింగుకు పెట్టడం పని. ముఠాకు కొత్త పెద్ద వచ్చాడు. నెమ్మదస్తుడు, చెప్పింది చేస్తాడు. రమ ఫోన్లో, "ఇప్పుడు జర నిద్ర పడుతున్నదట," అంది. మరోసారి, "నిన్న పోరితో ఏదో అన్నడు, అది నవ్వింది," అంది. అంతకుమించి సంపత్ అడగలేదు.

ఇద్దరి షిఫ్టులూ తొలిసారి కలిసిన సోమవారం మొదటి షిఫ్టుకు సంపత్ వరుసలో నిలబడ్డాడు. వరుస నెమ్మదిగా కదిలింది. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఓదెలు దీపాన్ని వెలిగించి చూసి, ఆర్పి, తీగను చుట్టి అందించాడు.

"పైలం సార్," అన్నాడు. "నెత్తి మీద చూసుకుంట పోండ్రి. ఏమన్న అయితే మీ అక్క నన్ను అడుగుతది."

సంపత్ అతని ముఖంలోకి చూశాడు. కళ్లలోకే చూశాడు, నేర్చుకున్న విధంగా. ఆ ముఖంలో నవ్వు లేదు. లేదని చెప్పడానికి కూడా వీల్లేదు. పెదవి పక్కన కదిలింది నవ్వో, ఊరికే కండరమో తెలియలేదు. ఆ మాట బావ అన్నాడా, దీపాల గది ఉద్యోగి అన్నాడా? దేనికి నవ్వాలో, దేనికి తలూపాలో తెలియక అతను దీపం పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

"లైన్ ఆగింది సార్," అన్నారు వెనక నుంచి ఎవరో, మర్యాదగా.

అతను పక్కకు జరిగాడు. దీపాన్ని టోపీకి తగిలించుకొని, ముఠా వెంట లోపలికి నడిచాడు.